కౌంటీ జైలుకి వైద్య కాంట్రాక్టర్‌ని ఎంచుకోవడం: రేటు కంటే ముందు ఏం చూడాలి?

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: టెక్సాస్‌లో ఒక మోస్తరు కౌంటీ (మన జిల్లా లాంటిది). జైల్లో ఏ రోజు చూసినా 400 మంది దాకా ఉంటారు. ఇప్పుడున్న మెడికల్ కాంట్రాక్టు గడువు అయిపోతోంది, మూడు కంపెనీలు బిడ్ వేశాయి. మీరు ఫార్మసిస్టు కావడంతో బిడ్లు పరిశీలించే కమిటీలోకి తీసుకున్నారు. మూడు ప్రొపోజల్సూ చదివితే ఒకేలా ఉన్నాయి, మిగతా సభ్యులు తక్కువ రేటు వైపు మొగ్గుతున్నారు, తేడా ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు అన్నారు.

నేను జైళ్లలో నర్సుగా చేశాను. తర్వాత ఒక కాంట్రాక్టర్ తరఫున జైలు మెడికల్ యూనిట్ నడిపాను. ఇప్పుడు కౌంటీల తరఫున ఈ కాంట్రాక్టులు సరిగ్గా అమలవుతున్నాయా లేదా చూసే పనిలో ఉన్నాను.

సూటిగా చెప్పాలంటే: ఏ షిఫ్టులో ఎవరుంటారు, కొత్తగా తెచ్చిన మనిషిని మొదటి గంటల్లో ఎవరు చూస్తారు, మీ డబ్బు ఏ లెక్కన వాళ్ల చేతికి వెళ్తుంది. ముందు ఈ మూడు చూడండి. వీటికి కాగితం మీద స్పష్టమైన జవాబివ్వని కంపెనీని, రేటు ఎంత తక్కువైనా, పక్కన పెట్టేయండి. కాంట్రాక్టు ముసాయిదా కంపెనీ తెచ్చినది వాడకండి, కౌంటీ తానే రాసుకోవాలి. సంతకం పెట్టాక నెలనెలా లెక్క చూసే మనిషి కౌంటీ జీతం మీద ఒకరైనా ఉండాలి. ఈ ఏర్పాటు లేకపోతే మంచి కంపెనీ కూడా రెండో ఏడాదికి జారిపోతుంది. నేను చూసిన చాలా చోట్ల అదే జరిగింది.

ఇప్పుడు ఒక్కొక్కటి.

బాధ్యత కౌంటీ మీద నుంచి ఎప్పటికీ పోదు

మీ కమిటీలో ఎవరో ఒకరు "కాంట్రాక్టర్‌కి ఇచ్చేస్తే ఆ తలనొప్పి వాళ్లది" అనే ఉంటారు. అలా కుదరదు. ఖైదీకి తీవ్రమైన వైద్య అవసరం ఉందని తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1976లో ఎస్టెల్ వర్సెస్ గ్యాంబుల్ కేసులో చెప్పింది. అది టెక్సాస్ నుంచి వెళ్లిన కేసే. తర్వాత 1988లో వెస్ట్ వర్సెస్ అట్కిన్స్ కేసులో, వైద్యం బయటివాళ్లకి కాంట్రాక్టు ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వం బాధ్యత తీరదని, ఆ కాంట్రాక్టు డాక్టరు కూడా ప్రభుత్వం తరఫున పనిచేస్తున్నట్టేనని తేల్చింది. కేసు పడితే కంపెనీ పేరు, కౌంటీ పేరు రెండూ ఉంటాయి.

ఇంకో విషయం కమిటీలో గట్టిగా చెప్పండి. కౌంటీ జైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇంకా శిక్ష పడలేదు. విచారణ కోసమో, బెయిల్ డబ్బు కట్టలేకో ఉన్నవాళ్లు. శిక్ష పడ్డాక వెళ్లే రాష్ట్ర ప్రిజన్ వేరు. అక్కడ మనిషి ఏళ్ల తరబడి ఉంటాడు, అతని జబ్బుల గురించి అన్నీ తెలుస్తాయి. ఇక్కడ రాత్రి వచ్చిన మనిషి ఎల్లుండి వెళ్లిపోవచ్చు, మధ్యలో చచ్చిపోనూవచ్చు. ప్రిజన్లలో మంచి పేరున్న కంపెనీ కౌంటీ జైలుని బాగా నడుపుతుందని అనుకోకండి. పని తీరే వేరు.

మన దగ్గర చంచల్‌గూడలోనో రాజమండ్రిలోనో జైలు ఆసుపత్రికి ప్రభుత్వ డాక్టర్లు వస్తారు కాబట్టి, ఇక్కడ దీనికి టెండర్ ఏమిటని మన వాళ్లు చాలామంది ఆశ్చర్యపోతారు. అమెరికాలో మనిషి జైల్లోకి రాగానే మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) దాదాపుగా ఆగిపోతుంది. 1965లో ఆ చట్టం వచ్చినప్పటి నుంచీ ఉన్న నిబంధన ఇది. 24 గంటలకు మించి బయట ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. టెక్సాస్ మెడికెయిడ్‌ను ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లందరికీ విస్తరించలేదు కాబట్టి మీకు ఆ మినహాయింపు వల్ల కలిసొచ్చేది తక్కువే. అంటే బిల్లు మొత్తం కౌంటీ పన్నుల నుంచే. అందుకే అందరి కళ్లూ రేటు మీదకే పోతాయి.

అసలు కంపెనీకే ఇవ్వాలా?

ఇది అడగకుండా ముందుకు వెళ్లకండి. మీ దగ్గర హాస్పిటల్ డిస్ట్రిక్ట్, అంటే స్థానిక పన్నులతో ప్రభుత్వ ఆసుపత్రి నడిపే సంస్థ, ఉందా? డాలస్ కౌంటీ జైలు వైద్యం అలాంటి సంస్థే అయిన పార్క్‌లాండ్ చూస్తోంది, శాన్ ఆంటోనియోలో యూనివర్సిటీ హెల్త్ చూస్తోంది, హ్యూస్టన్‌లో 2022 నుంచి హ్యారిస్ హెల్త్ చూస్తోంది. న్యూయార్క్ నగరం 2015లో కోరైజన్ కంపెనీ కాంట్రాక్టు పొడిగించకుండా రైకర్స్ ఐలాండ్ జైలు వైద్యాన్ని తన ప్రభుత్వ ఆసుపత్రుల సంస్థకే అప్పగించింది.

2020లో రాయిటర్స్ 500కు పైగా జైళ్ల లెక్కలు తీసింది. 2008 నుంచి 2019 వరకు ఆ జైళ్లలో 7,571 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు 5,000 మందికి విచారణే పూర్తి కాలేదు. 2016–18 మధ్య ఐదు పెద్ద కంపెనీల చేతిలో ఉన్న జైళ్లలో మరణాల రేటు, ప్రభుత్వ సంస్థలు నడిపే జైళ్లతో పోలిస్తే, కంపెనీని బట్టి 18 నుంచి 58 శాతం ఎక్కువగా ఉంది. ఈ లెక్క కమిటీ ముందు పెట్టండి. కానీ దీన్ని పట్టుకుని ప్రభుత్వం నడిపితే అంతా బాగుంటుందని కూడా చెప్పకండి. హ్యూస్టన్‌లో చేతులు మారిన ఏడాదే ఆ జైల్లో మరణాలు వార్తల్లోకి ఎక్కాయి. జైలు కిక్కిరిసి, డెప్యూటీలు (జైలు నడిపే షెరీఫ్ సిబ్బంది) చాలకపోతే వైద్యం ఎవరు చేసినా ఇబ్బందే.

400 మంది జైలుకి, దగ్గర్లో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి లేకపోతే, కంపెనీయే దిక్కు అవుతుంది. అది తప్పేమీ కాదు. కాకపోతే సగం పని అయినా స్థానికంగా ఉంచుకోగలరేమో చూడండి. మానసిక వైద్యం మీ ప్రాంతపు మెంటల్ హెల్త్ అథారిటీకి, మిగతాది కంపెనీకి ఇచ్చిన కౌంటీలు ఉన్నాయి. మనిషి బయటికి వెళ్లాక కూడా అదే క్లినిక్‌కి వెళ్తాడు, అదే డాక్టర్ని చూస్తాడు. అది పెద్ద లాభం.

స్టాఫింగ్ టేబుల్: ప్రొపోజల్ మొత్తంలో నిజం ఉండే పేజీ

మిగతా పేజీలన్నీ ఒక కంపెనీవి ఇంకో కంపెనీకి అతికించినట్టే ఉంటాయి. ఏ షిఫ్టులో ఎవరు ఎన్ని గంటలు ఉంటారో చెప్పే స్టాఫింగ్ టేబుల్ మాత్రం దాచలేరు.

వారానికి 168 గంటలు. ఒక్క కుర్చీలో రాత్రీ పగలూ నర్సు ఉండాలంటే వారానికి 40 గంటల లెక్కన 4.2 మంది కావాలి. అది కూడా ఎవరూ సెలవు పెట్టకుండా, జ్వరం రాకుండా, ఉద్యోగం మానకుండా ఉంటే. నిజంగా నడవాలంటే ఐదుగురు కావాలి. టేబుల్‌లో సరిగ్గా 4.2 అని ఉంటే ఎవరైనా సెలవు పెట్టిన రోజున ఆ కుర్చీ ఖాళీ అన్నమాట. మూడు టేబుళ్లూ పక్కపక్కన పెట్టి షిఫ్టుల వారీగా గంటలు కూడండి. రేట్ల మధ్య తేడా చాలావరకు అక్కడే తేలిపోతుంది. తక్కువ కోట్ చేసినవాళ్లు రాత్రి ఆర్‌ఎన్‌ని (రిజిస్టర్డ్ నర్సు) తీసేసి ఎల్‌వీఎన్‌ని (అంతకంటే తక్కువ శిక్షణ ఉండే వొకేషనల్ నర్సు) పెట్టి ఉంటారు, లేదా వారాంతంలో నర్స్ ప్రాక్టీషనర్ (రోగిని పరీక్షించి మందులు రాయగల నర్సు) గంటలు కోసేసి ఉంటారు.

ఎల్‌వీఎన్‌లను తక్కువ చేసి మాట్లాడటం లేదు. జైళ్లు నడుస్తున్నదే వాళ్ల మీద. కానీ రోగిని పూర్తిగా అంచనా వేసి ఆసుపత్రికి పంపాలా వద్దా అని నిర్ణయించడం వాళ్ల లైసెన్సులో లేని పని. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తని డాక్టరు, పక్కన ఆర్‌ఎన్ లేని ఎల్‌వీఎన్. ఈ రెండూ కలిసినప్పుడు నష్టపోయేది రోగి.

డాక్టరు వారానికి ఎన్ని గంటలు స్వయంగా జైల్లో ఉంటారో రాయించుకోండి. "అందుబాటులో ఉంటారు" అంటే ఫోన్లో అని అర్థం. నర్సులకి ఎంత జీతం ఇవ్వబోతున్నారో అడిగి, మీ ఊరి ఆసుపత్రి జీతంతో పోల్చండి. గంటకి ఐదారు డాలర్లు తక్కువైతే ఆ పోస్టులు నిండవు. అప్పుడు ఏజెన్సీ నర్సులు వస్తారు, వారానికో కొత్త ముఖం, ఏ తాళం ఎక్కడుందో తెలుసుకునేసరికి వెళ్లిపోతారు.

ఇంకొకటి మర్చిపోకండి: పనిచేయని గంటలకి డబ్బు వెనక్కి. నేను లెక్కలు చూసిన ఒక కౌంటీలో రాత్రి ఆర్‌ఎన్ పోస్టు నెలల తరబడి ఖాళీ. నెల బిల్లు మాత్రం పూర్తిగా చెల్లిస్తూ పోయారు, కాంట్రాక్టులో ఆ క్లాజు లేదు కాబట్టి. డ్యూటీ చార్టులో ప్రతి రాత్రికీ ఒక పేరు ఉంది. మేం టైమ్‌క్లాక్ రికార్డు తెప్పించాకే విషయం బయటపడింది. అందుకే కాంట్రాక్టులో స్పష్టంగా రాయించండి: నెలనెలా టైమ్‌క్లాక్ డేటా ఇవ్వాలి, ఖాళీ గంటకి ఆ పోస్టు జీతభత్యాలతో పాటు కొంత జరిమానా కూడా తగ్గించాలి. జీతం మాత్రమే తగ్గిస్తే కంపెనీకి ఖాళీ ఉంచినా నష్టం లేదు.

బుకింగ్ కౌంటరు దగ్గర మొదటి రాత్రి

కౌంటీ జైళ్లలో మరణాలకు మొదటి కారణం ఆత్మహత్య. మద్యం, డ్రగ్స్ ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చే విత్‌డ్రాయల్ కూడా తక్కువేమీ కాదు. ఈ రెండూ చాలావరకు మొదటి కొద్ది రోజుల్లోనే ముంచుకొస్తాయి. కాబట్టి బుకింగ్ దగ్గర, అంటే కొత్తగా తెచ్చిన మనిషి వివరాలు రాసుకుని లోపలికి తీసుకునే చోట, ఎవరు కూర్చుంటారన్నది నా దృష్టిలో మొత్తం కాంట్రాక్టులో అతి ముఖ్యమైన విషయం.

ఒక రాత్రి చూసింది చెప్తాను. నలభై దాటిన మనిషిని పాత వారెంటు మీద తీసుకొచ్చారు. ఫారంలో "మద్యం తాగుతారా?" అన్న చోట డెప్యూటీ "అప్పుడప్పుడు" అని రాశాడు, అతను అలాగే చెప్పాడు కాబట్టి. నర్సు ఫారం పక్కన పెట్టి చేతులు ముందుకు చాపమంది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. గది చల్లగా ఉంది, అతని కాలరు మాత్రం చెమటతో తడిసింది. "పొద్దున లేచాక తాగకపోతే ఎలా ఉంటుంది?" అని అడిగింది. కాసేపు ఆగి "చేతులు నిలవవు" అన్నాడు. "ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?" వచ్చాయి, పోయిన ఏడాది. ఆఖరిసారి తాగింది ఆ రోజు మధ్యాహ్నం. మామూలుగా ఫిట్స్ ఆరు నుంచి 48 గంటల్లో వస్తాయి, అసలు ప్రాణం మీదకొచ్చే డెలీరియం (మతి తప్పి కలవరించే స్థితి) రెండు మూడు రోజులకి మొదలవుతుంది. ఆమె అక్కడికక్కడే డాక్టరుకి ఫోన్ చేసి మందు మొదలుపెట్టించింది, గంటల వారీ పరీక్షలు రాయించింది. తెల్లవారుజామున బీపీ పెరిగిపోతే ఆసుపత్రికి పంపారు. బతికాడు. ఫారంలో ఉన్న "అప్పుడప్పుడు" అన్న మాట నమ్మి సెల్‌లో వేసి ఉంటే ఏమయ్యేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ పని టాబ్లెట్‌లో గడులు నింపే డెప్యూటీ చేయలేడు. కాబట్టి బుకింగ్ స్క్రీనింగ్ నర్సే చేయాలని, ఎంత సమయంలో చేయాలో కూడా కాంట్రాక్టులో పెట్టండి. విత్‌డ్రాయల్ విషయంలో ఫెడరల్ న్యాయశాఖ విభాగాలు 2023లో జైళ్ల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేశాయి. మూడు కంపెనీల ప్రోటోకాల్స్ తెప్పించి వాటితో పోల్చండి. మీకు ఆ భాష కొత్త కాదు.

మీరు ఫార్మసిస్టు కాబట్టి ఈ ప్రశ్న ఇంటర్వ్యూలో మీరే అడగండి: "శుక్రవారం రాత్రి 11కి బుక్ అయిన మనిషి. ఫిట్స్‌కి లెవిటిరాసెటమ్, షుగర్‌కి ఇన్సులిన్, హెచ్ఐవీ మందులు వాడుతున్నాడు. సీసాలేవీ వెంట లేవు. ఒక్కో మందు మొదటి డోసు ఏ గంటకి పడుతుంది? ఎవరు ఆర్డరిస్తారు? ఎక్కడి నుంచి వస్తుంది?" బాగా నడిపే కంపెనీ మేనేజరు గుక్కతిప్పుకోకుండా చెప్తారు: ఇవి స్టాక్‌లో ఉంటాయి, ఇది ఊళ్లో ఫలానా ఫార్మసీ నుంచి తెప్పిస్తాం, ఈ నంబరుకి ఫోన్ చేస్తే ఆర్డరు వస్తుంది. నడపలేని కంపెనీ "మందులు ధ్రువీకరించుకున్నాక" అంటుంది. ధ్రువీకరణ అంటే సోమవారం ఉదయం.

ఓపియాయిడ్ అలవాటుకి బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ మీద ఉన్నవాళ్లకి ఆ మందు ఆపేస్తారా, కొనసాగిస్తారా అని కూడా అడగండి. ఒకప్పుడు జైళ్లలో ఆపేయడమే రివాజు. 2018లో మసాచుసెట్స్‌లో, 2019లో మెయిన్ రాష్ట్రంలో ఫెడరల్ కోర్టులు ఆ మందు ఇవ్వాల్సిందేనని జైళ్లను ఆదేశించాయి. డాక్టరు రాసిన మందుని గుడ్డిగా ఆపేయడం వికలాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘించడమేనని 2022లో న్యాయశాఖ స్పష్టం చేసింది. "మా పాలసీ ప్రకారం ఇవ్వం" అనే కంపెనీ మీ కౌంటీకి కేసు కొనిపెడుతోంది.

మన వాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్రిస్కో, ఇర్వింగ్ చుట్టుపక్కల తాగి కారు నడిపిన కేసులోనో, ఇంట్లో గొడవ కేసులోనో మన కుర్రాళ్లు ఒక రాత్రి జైల్లో గడిపిన సందర్భాలు నాకు తెలుసు. భార్యో, రూమ్మేటో కంగారుగా ఫోన్ చేస్తారు: "ఆయనకి షుగర్ అండీ, ఇన్సులిన్ తీసుకోవాలి." జైలు ఫోన్ ఎత్తినవాళ్లు "మేం వివరాలు చెప్పలేం" అని పెట్టేస్తారు. వివరాలు చెప్పొద్దు, సరే. కానీ చెప్పింది రాసుకుని నర్సుకి చేర్చడానికి ఏ చట్టమూ అడ్డు లేదు. కుటుంబాలు మందుల వివరాలు చెప్పడానికి 24 గంటల నంబరు ఒకటి ఉండాలని, చెప్పిన సమయం చార్టులో ఎక్కాలని కాంట్రాక్టులో పెట్టండి. ఇంగ్లిష్ రానివాళ్లకి ఫోన్లో దుబాసీ సౌకర్యం ఉండాలి. ఖర్చు తక్కువ, ఫలితం చాలా ఎక్కువ.

డబ్బు ఎలా ప్రవహిస్తుందో వైద్యం అలా నడుస్తుంది

ఎక్కువ కాంట్రాక్టుల్లో ఏడాదికి ఇంత అని స్థిరమైన మొత్తం ఉంటుంది. బయట ఆసుపత్రి ఖర్చులకి ఒక పరిమితి ఉంటుంది, దాటితే కౌంటీ కడుతుంది. ఆ పరిమితిలో మిగిలిన డబ్బు ఎవరిది? ఇది తప్పకుండా చదవండి. మిగిలింది కంపెనీ జేబులోకి వెళ్తే, అంబులెన్సు పిలవాల్సిన ప్రతిసారీ ఆ ఆలోచన ఎక్కడో ఒకచోట అడ్డొస్తుంది. నర్సుకి అలాంటి ఉద్దేశం లేకపోయినా, "పంపే ముందు మాకు ఫోన్ చేయండి" అనే రీజనల్ మేనేజరు ఉంటారు. పూర్తిగా కౌంటీయే కడితే, తుమ్మినా దగ్గినా ఆసుపత్రికి పంపేస్తారు, ఇద్దరు డెప్యూటీలు రాత్రంతా ఎమర్జెన్సీ రూములో కూర్చుంటారు. నేను సిఫారసు చేసేది: మిగిలిన ప్రతి డాలరూ కౌంటీకే తిరిగి రావాలి, ఎమర్జెన్సీకి పంపడానికి జైల్లో ఉన్న నర్సు నిర్ణయమే చాలాలి, పై అనుమతి అక్కర్లేదు.

ఖైదీల సంఖ్య పెరిగితే తలకి ఇంత అదనంగా అడుగుతారు. సంఖ్య తగ్గితే కూడా అదే లెక్కన తగ్గించాలి. ఏడాది ఏడాదికీ పెంపు ఎంతో ముందే రాయించుకోండి. మొదటి ఏడాది కారుచౌకగా ఇచ్చి రెండో ఏడాది నుంచి పెంచుకుంటూ పోవడం మామూలే.

రోగి పరిస్థితి విషమించగానే జడ్జితో మాట్లాడి బాండు మీద వదిలేసి, ఆసుపత్రి బిల్లు తప్పించుకునే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. కోమాలో ఉన్న మనిషికి విడుదల కాగితం ఇస్తారు. ఆ మరణం జైలు లెక్కలోకి కూడా రాదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఇలా విడుదల చేసిన ప్రతి కేసూ నెల రిపోర్టులో ఉండాలని, తర్వాత 30 రోజుల్లో ఆ మనిషి ఏమయ్యాడో కంపెనీ చెప్పాలని షరతు పెట్టండి.

కంపెనీ రేపు ఉంటుందా?

కోరైజన్ 2022లో రెండుగా చీలింది. పాత కేసులు, అప్పులు టీహమ్ అనే కొత్త పేరు మీదకి వెళ్లాయి, ఆ సంస్థ 2023 ఫిబ్రవరిలో హ్యూస్టన్ కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. నడుస్తున్న కాంట్రాక్టులు యెస్‌కేర్ పేరుతో సాగాయి. దేశంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటైన వెల్‌పాత్ 2024 నవంబరులో దివాలా రక్షణ కోరింది. కంపెనీ దివాలా పిటిషన్ వేయగానే దాని మీద కేసులు ఆగిపోతాయి. "ఏదైనా జరిగితే మేం భరిస్తాం" అని కాంట్రాక్టులో రాసిన మాటకి విలువ ఉండదు, కౌంటీ ఒంటరిగా మిగులుతుంది.

అందుకని ఆడిట్ అయిన ఆర్థిక నివేదికలు అడగండి, మాతృసంస్థ గ్యారంటీ అడగండి, పర్ఫార్మెన్స్ బాండు (కంపెనీ పని చేయలేకపోతే కౌంటీకి డబ్బు వచ్చే పూచీ) అడగండి. ఇన్సూరెన్సు సంఘటన జరిగిన తేదీని బట్టి వర్తించేదిగా ఉండాలి. క్లెయిమ్ వేసిన తేదీని బట్టి వర్తించే పాలసీ అయితే, కాంట్రాక్టు ముగిశాక వచ్చే కేసులకి కూడా కవరేజీ కొనాలని రాయించండి. జైలు కేసులు రెండేళ్ల తర్వాత కూడా పడతాయి. ఈ పేరా మీ కౌంటీ అటార్నీకి చూపించండి, ఆయనకి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

మెడికల్ రికార్డులు కౌంటీ సొత్తు అని రాయాలి. నర్సులు తర్వాత వచ్చే కంపెనీలో చేరకుండా ఆపే షరతు ఉండకూడదు. ఈ రెండూ లేకపోతే కంపెనీని మార్చడం నరకం.

గతం ఎలా తవ్వాలి

కంపెనీ ఇచ్చిన రిఫరెన్సులు ఎలాగూ బాగానే చెప్తాయి. గత ఐదేళ్లలో పోగొట్టుకున్న కాంట్రాక్టుల జాబితా అడగండి. ఆ కౌంటీల జైలు కెప్టెన్‌కి, కుదిరితే రాత్రి సార్జెంటుకి ఫోన్ చేయండి. ఆ ఊరి ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో అడగండి: "జైలు నుంచి రోగులు ఏ స్థితిలో వస్తారు?" ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు ప్రొపోజల్‌లో ఎక్కడా దొరకదు.

ఫెడరల్ కోర్టు కేసులు ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. ఎన్ని కేసులున్నాయని లెక్కపెట్టకండి, పెద్ద కంపెనీకి సహజంగానే ఎక్కువ ఉంటాయి. ఒకే రకం ఆరోపణ వేర్వేరు ఊళ్లలో మళ్లీ మళ్లీ వస్తోందా చూడండి. మిల్వాకీ జైల్లో 2016లో ఒక ఖైదీ సెల్‌కి నీళ్లు ఆపేశారు, వారం రోజులకి అతను దాహంతో చనిపోయాడు. చూడకపోయినా చూసినట్టు రికార్డుల్లో రాశారన్న అభియోగం మీద అప్పటి వైద్య కంపెనీ ఆర్మర్‌ను 2022లో దోషిగా తేల్చారు. దీన్ని బట్టి మీరు కాంట్రాక్టులో పెట్టాల్సింది: ఎలక్ట్రానిక్ చార్టులో ఎవరు ఏ నిమిషంలో ఏం రాశారో చూపే లాగ్‌ని కౌంటీ ఎప్పుడు అడిగినా ఇవ్వాలి. రౌండ్లు రాత్రంతా జరిగినట్టు ఉండి, ఎంట్రీలన్నీ ఉదయం ఆరింటికి వరసగా పడితే విషయం తెలిసిపోతుంది.

వీలైతే వాళ్లు నడుపుతున్న ఇంకో జైలు చూసి రండి. ఏ జైలో మీరు ఎంచుకోవాలి, వాళ్లు కాదు. అక్కడ సిక్ కాల్ చీటీల పెట్టె తెరిపించండి. ఖైదీలు "కడుపునొప్పి", "పన్ను వాచింది" అని పెన్సిలుతో రాసి వేసే చీటీలు అవి. ఒక పది చీటీలు తీసి, వాటి మీద తేదీ, నర్సు మనిషిని ఎదురుగా చూసిన తేదీ పక్కపక్కన రాసుకోండి. రెండు రోజులు దాటితే ఎందుకని అడగండి. అరగంట పని.

జాతీయ జైలు ఆరోగ్య సేవల కమిషన్, అంటే ఎన్‌సీసీహెచ్‌సీ, ఇచ్చే గుర్తింపు గురించి అందరూ గొప్పగా రాస్తారు. ఆ ప్రమాణాలు మంచివే, కాంట్రాక్టులో వాటిని పాటించాలని పెట్టండి. కానీ సర్టిఫికెట్ ఉన్న జైళ్లలోనూ ఘోరాలు జరిగాయి. కౌంటీ జైళ్లను తనిఖీ చేసే రాష్ట్ర సంస్థ టెక్సాస్ కమిషన్ ఆన్ జైల్ స్టాండర్డ్స్ చూసేది కనీస స్థాయి మాత్రమే.

షెరీఫ్ వైపు కూడా మాట్లాడాలి

కమిటీలు సాధారణంగా వదిలేసేది ఇది. క్లినిక్‌లో నర్సు సిద్ధంగా ఉన్నా, ఖైదీని తీసుకురావడానికి డెప్యూటీ లేకపోతే ఆ రోజు అపాయింట్‌మెంట్లన్నీ రద్దు. చార్టులో "రోగి రాలేదు" అని పడుతుంది. కంపెనీ డెప్యూటీల మీదకి, జైలు కంపెనీ మీదకి నెట్టుకుంటారు. మెడికల్ కోసం రోజుకి ఎన్ని గంటలు ఎంతమంది డెప్యూటీలు ఉంటారో షెరీఫ్ ఆఫీసు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆత్మహత్య ప్రమాదం ఉన్నవాళ్లని టెక్సాస్ నిబంధనల ప్రకారం కనీసం 30 నిమిషాలకోసారి ప్రత్యక్షంగా చూడాలి. ఆ పని డెప్యూటీలదే. అది వైద్య కాంట్రాక్టుతో తీరేది కాదు.

జైల్లో మరణం జరిగితే, టెక్సాస్ కౌంటీ జైల్లో చనిపోయిన శాండ్రా బ్లాండ్ పేరు మీద 2017లో వచ్చిన చట్టం ప్రకారం టెక్సాస్‌లో వేరే పోలీసు సంస్థ దర్యాప్తు చేస్తుంది. దానికి తోడు వైద్యపరంగా ఏం జరిగిందో 30 రోజుల్లో సమీక్ష చేయించాలి. ఆ సమీక్షలో కంపెనీకి సంబంధం లేని డాక్టరు ఒకరు ఉండాలి. తన పనిని తానే దిద్దుకుంటే తప్పులు దొరకవు.

మార్కులు ఎలా వేయాలి

రేటుకి నూటికి పాతిక మార్కులు దాటనివ్వకండి. ముందు మిగతావన్నీ చదివి మార్కులు వేసి, సంతకాలు పెట్టాక రేటు కవర్లు తెరవమని మీ కొనుగోలు విభాగాన్ని అడగండి. రేటు ముందే తెలిస్తే చౌకగా ఉన్నవాళ్ల మీద తెలియకుండానే మొగ్గు వచ్చేస్తుంది, ఎంత నిజాయితీపరులకైనా. మీ దగ్గర ఇప్పటికే కవర్లు తెరిచేసి ఉంటే కనీసం స్టాఫింగ్ గంటలకి, బుకింగ్ ఏర్పాట్లకి విడివిడిగా మార్కులు పెట్టించండి.

కాంట్రాక్టర్‌ని పర్యవేక్షించే నర్సు జీతం కూడా ఇదే బడ్జెట్‌లో కలపమని కమిషనర్స్ కోర్టుని, అంటే కౌంటీ పాలక మండలిని, అడగండి. పూర్తి ఉద్యోగి కుదరకపోతే పక్క కౌంటీతో కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు. నెలకి కొన్ని చార్టులు యాదృచ్ఛికంగా తీసి చదివే మనిషి ఉన్నారని తెలిస్తేనే కంపెనీ పద్ధతిగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. నిర్ణయం అయ్యేవరకు ప్రొపోజల్స్ రహస్యం, ఇక్కడ ఎవరైనా అడిగినా పేజీలు పెట్టకండి. కంపెనీల వాళ్లు మీకు విడిగా ఫోన్ చేసినా, భోజనానికి పిలిచినా కొనుగోలు విభాగానికి వెంటనే చెప్పండి.

ఇక గడువు. కొత్త కంపెనీ వచ్చి నర్సులని తీసుకుని, రికార్డులు మార్చుకుని, మందుల స్టాక్ సర్దుకోవడానికి 60 నుంచి 90 రోజులు పడుతుంది. మీ పాత కాంట్రాక్టు ముగింపు అంతకంటే దగ్గరగా ఉంటే, తొందరపడి సంతకం పెట్టేకంటే పాతవాళ్లతోనే నెలనెలా పొడిగింపు అడగండి. పొడిగింపు కాలంలో ఇప్పుడున్న నర్సులతో కూర్చుని మాట్లాడండి, ఏ షిఫ్టులో ఏం ఇబ్బంది పడుతున్నారో వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మీ స్టాఫింగ్ టేబుల్ లెక్క వేసేటప్పుడు ఎక్కడైనా ఆగితే, అంకెలు పెట్టకుండా ప్రశ్న మాత్రం ఇక్కడ రాయండి, చూస్తాను.